ఆ చారలు తోమితే పోవు

ప్రశ్న: నేను దేవరకొండ వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. ఈ ఏడాది మూడో తరగతిలో ఒక బాబు చేరాడు. అమ్మానాన్నలు వలస వెళ్ళి ఇటుక బట్టీలో పని చేస్తుంటే వాడూ అక్కడే పెరిగాడు. ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. పిల్లలు ‘పాచిపళ్ళు’ అని ఏడిపిస్తున్నారు. రెండు పూటలా తోముకోమని చెప్పి బ్రష్షు, పేస్టు కొనిచ్చాను. అందరూ సమానమేనని క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. ఇప్పుడు వాడు నోరు తెరిచి పాఠం చదవడమే మానేశాడు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అమ్మా, ఆ బ్రష్షు అందరూ చూస్తుండగానే ఇచ్చి ఉంటారు, అవునా? మీ మనసు మంచిదే. కానీ వాడు పళ్ళు తోముకోడని ఆ పూట తీర్పు చెప్పింది మీరే. పిల్లలు దానికి పేరు పెట్టారు, అంతే.

కోప్పడుతున్నానని అనుకోవద్దు. నేను మర్రిగూడ వైపు పల్లెలో పుట్టాను. నావీ గారపళ్ళే. పళ్ళు తోముకోలేదని మా పంతులుగారు ఒకరోజు నన్ను గుమ్మం బయట నిలబెట్టారు. ఇంటికి వెళ్ళి ఇటుకపొడితో రుద్దాను. చిగుళ్ళు చిట్లి నెత్తురు వచ్చింది, రంగు మాత్రం పోలేదు. ఉద్యోగంలో చేరాక కూడా చాలాకాలం కొంగు అడ్డం పెట్టుకునే నవ్వాను.

అది పైన పట్టిన పాచి కాదు. మన నేలలోని గ్రానైట్ రాళ్ళ నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. ఆరేడేళ్ళకు వచ్చే ముందుపళ్ళ పింగాణీ పొర, బిడ్డ చంకన ఉన్న వయసులోనే చిగుళ్ళ లోపల తయారవుతుంది. అప్పుడు తాగిన నీళ్ళ గుర్తు ఇప్పుడు బయటపడుతుంది. మీ బాబుదీ అదేనా అన్నది పళ్ళ డాక్టరు చూసి చెప్పాలి. నాకైతే అనుమానం లేదు.

ముందు వాడిని విడిగా పిలిచి, “నాకు తెలియక అన్నాను, నీ తప్పేమీ లేదు” అని చెప్పండి. సమానత్వం పాఠం కాస్త పక్కన పెట్టి నీళ్ళ పాఠం చెప్పండి. ఆ పళ్ళు అలా ఎందుకున్నాయన్నదే పిల్లలకు తెలియదు. అయితే వాడిని లేపి నిలబెట్టవద్దు, వాడి పేరే ఎత్తవద్దు. తాతయ్యలు, నానమ్మలు చిన్నప్పుడు ఏ బావి నీళ్ళు తాగారో అడిగి రమ్మనండి. నేను ఒకసారి ఇదే ఇంటిపని ఇచ్చాను. అందరికన్నా గట్టిగా వెక్కిరించే పిల్ల మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చి, “మా తాతవీ అలాగే ఉన్నాయి టీచర్, మోకాళ్ళు కూడా వంకరే” అని మెల్లగా అంది. నల్లాలో కృష్ణా నీళ్ళు వచ్చాక పుట్టిన పిల్ల. రోజూ చూసే తాత నోరు అప్పటిదాకా గమనించనేలేదు! దాంతోనే అంతా సర్దుకుందని చెప్పను. ఇద్దరు మగపిల్లలతో విడివిడిగా మాట్లాడాల్సి వచ్చింది. అందరి ముందు క్షమాపణ మాత్రం చెప్పించకండి, ఆ కసి మళ్ళీ వాడి మీదకే వస్తుంది.

చదవడానికి తొందరపెట్టవద్దు. కొన్నాళ్ళు అందరితో కలిసి గొంతు కలపనివ్వండి.

వాడికి చెల్లెలో తమ్ముడో ఉంటే ఇప్పుడు ఏ నీళ్ళు తాగుతున్నారో కనుక్కోండి. అమ్మానాన్నలు మళ్ళీ బట్టీకి వెళ్ళేటట్లయితే అక్కడి బోరు నీళ్ళు పరీక్ష చేయించుకోమనండి. కాచి చల్లార్చినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదని ఆ తల్లికి మరీ మరీ చెప్పండి.