టెక్ సందేహాలు: అనంతపురం ఎండల్లో మైనస్ 40 డిగ్రీల ఇంజన్

ఏప్రిల్ వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల తీరే మారిపోతుంది. ఫోన్ స్టోరేజీ, వైఫై స్పీడు వెనక్కి పోతాయి, బండి హీటెక్కడం ముందుకొస్తుంది. పికప్ ఓనర్లు టెక్ శీర్షికకు రాయడమేంటని నవ్వేవాళ్లు నవ్వచ్చు. ఇప్పుడు రేడియేటర్ మార్చడమంటే సగం స్పానర్ల పని, సగం ఫోన్ పని. స్పానర్ల సగం మనవాళ్లు బాగానే చేసుకుంటున్నారు. చిక్కంతా రెండో సగంతోనే. ఈసారి నాలుగు ఉత్తరాలు తీసుకుంటున్నాను. మిగతావాళ్ల ప్రశ్నలు కూడా దాదాపు ఇవే.

"సార్, మాది ధర్మవరం పక్కన పల్లె. బీఎస్-6 డీజిల్ పికప్ ఉంది, చీనీకాయలు, టమాటా తోలుతుంటా. రేడియేటర్ లీకైతే వీడియోలు చూసి ఇంటికాడే మార్చినా. పనిలో పనిగా థర్మోస్టాట్, వాటర్ పంపు, పై హోసు కూడా కొత్తవి వేసినా. ఇప్పుడు స్టార్ట్ చేస్తే చాలు, ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతానే ఉండాది, ఇంజన్ లైటు వెలుగుతాంది. ఫోన్ యాప్‌లో ఇంజన్ టెంపరేచర్ మైనస్ 40 అని చూపిస్తాంది. ఫారన్‌హీట్‌కు మార్చినా అదే మైనస్ 40. యాప్ చెడిపోయిందా? కోడు పి0118 అంట. చెరిపేస్తే మళ్లా వస్తాంది. శాశ్వతంగా చెరిపేసేది ఎట్లా?"

యాప్ చెడిపోలేదు. సెల్సియస్, ఫారన్‌హీట్ కొలతలు రెండూ ఒకే అంకె దగ్గర కలుస్తాయి, అది మైనస్ 40. అందుకే మీరు కొలత మార్చినా అంకె మారలేదు. ఇక ఆ అంకె ఎక్కడిదంటారా? బండి కంప్యూటర్ ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) వేడిని 0 నుంచి 255 లోపు ఒక సంఖ్యగా పంపుతుంది. యాప్ అందులోంచి 40 తీసేసి డిగ్రీలుగా చూపిస్తుంది. సున్నా వస్తే మైనస్ 40. అంటే మీ తెర మీద కనిపిస్తున్నది ఇంజన్ వేడి కానే కాదు, కూలెంట్ వేడి కొలిచే సెన్సర్ నుంచి కబురు అందలేదని దానర్థం.

ఆ సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కే కొద్దీ తక్కువ. వైరు ఊడితే కంప్యూటర్‌కు అంతులేని రెసిస్టెన్స్ కనిపిస్తుంది, అంటే దాని లెక్కలో అంతులేని చలి. పి0118 చెప్పేది ఆ మాటే. వేడెంతో తెలియనప్పుడు ప్రమాదం ఎందుకని కంప్యూటర్ ఫ్యాన్‌ను పూర్తిగా తిప్పుతోంది. ఈ ఒక్క విషయంలో బండి సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లను మెచ్చుకోవాలి.

చాలా ఇంజన్లలో ఈ సెన్సర్ థర్మోస్టాట్ హౌసింగ్ మీదో, దాని పక్కనో ఉంటుంది. మీరు చెయ్యి పెట్టింది సరిగ్గా అక్కడే. కనెక్టర్ పెట్టడం మరిచారో, పెట్టినా లాక్ పడలేదో, లేదా వేడికి పెళుసెక్కిన ప్లాస్టిక్ లాక్ విప్పేటప్పుడే విరిగిందో చూడండి. పిన్నుల్లో కూలెంట్ తడి చేరిందేమో కూడా చూడండి. అన్నీ బాగుంటే మల్టీమీటర్ తీసుకుని సెన్సర్ రెండు పిన్నుల మధ్య కొలవండి. ఎక్కువ బండ్లలో 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర మూడు వందల ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. మన ఊళ్లో 20 డిగ్రీలు ఎక్కడివంటారా, తెల్లవారుజామున కొలిచినా అంతకంటే కాస్త తక్కువ ఓమ్‌లే వస్తాయి, కంగారు పడకండి.

ఇక "శాశ్వతంగా చెరిపేసేది" అన్న మాట చదివి నాకు విసుగొచ్చింది. మీ ఒక్కరి మీద కాదు. ఈ యాప్‌లు తయారుచేసేవాళ్లు తెరలో అన్నిటికంటే పెద్దగా, ఎర్రగా పెట్టే బటన్ 'క్లియర్'. చదవాల్సిన సమాచారం మాత్రం నాలుగు మెనూల లోపల దాస్తారు. కోడు పడిన క్షణంలో వేడెంత, ఆర్‌పీఎం ఎంత, బండి వేగమెంత, లోడెంత అని కంప్యూటర్ ఒక చిత్రంలా దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. క్లియర్ నొక్కితే కోడుతో పాటు అదీ పోతుంది. తర్వాత మెకానిక్ దగ్గరికి వెళ్లి "ఎక్కడో ఘాట్‌లో లైటు వచ్చిందన్నా" అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ముందు స్క్రీన్‌షాట్ తీయండి, తర్వాత బాగుచేయండి. కనెక్టర్ సరిగ్గా పడితే లైటు కొన్ని రోజుల్లో తనంతట తానే ఆరిపోతుంది. క్లియర్ చేసేదుంటే అప్పుడు చేయండి.

రేడియేటర్ విప్పే వరస నేను రాయను, అది మీకు వచ్చు. రాయకుండా ఉండలేనివి మాత్రం రాస్తాను. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వే థర్మోస్టాట్. దాన్ని "మన ఎండలకు అక్కర్లేదు, పీకెయ్" అని సలహా ఇచ్చేవాళ్లు ఊరికొకరు ఉంటారు. పాత బండ్ల కాలంలో ఆ మాట చెల్లింది. బీఎస్-6 బండికి చెల్లదు. ఇంజన్ తగినంత వేడెక్కకపోతే పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) తన మసిని తాను కాల్చుకునే పని మొదలుపెట్టదు. పి0128 అనే ఇంకో కోడు పడుతుంది. ఫిల్టర్ మూసుకుపోయి బండి లింప్ మోడ్‌లోకి, అంటే శక్తి తగ్గించుకుని కుంటుతూ నడిచే స్థితిలోకి వెళుతుంది, మీరు మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు.

రెండోది నీళ్లు. అనంతపురం వైపు బోరు నీళ్లు బకెట్ అడుగునే తెల్లగా పేరుకుంటాయి, రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకోవా? డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. ఆ మిశ్రమం మామూలుగా 106, 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సరైన ప్రెషర్ మూత ఉంటే 120 దాటాకే. అంటే పాత మూత రబ్బరు ఎండిపోతే కొత్త రేడియేటర్ వేసినా లాభం లేదు, మూత కూడా మార్చండి. కూలెంట్ రంగు చూసి కొనకండి. పచ్చది, ఎర్రది, నీలిది అన్నది ఎవరి ఇష్టం వాళ్లది, దానికి ప్రమాణం లేదు. బండి పుస్తకంలో రాసిన రకం చూడండి. సరిపడని రెండు రకాలు కలిస్తే జిగురుగా గడ్డకట్టే ప్రమాదం ఉంది. తీసేసిన పాత కూలెంట్‌ను పెరట్లో వంపకండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, దూడలు నాకితే చస్తాయి. మూత ఉన్న క్యాన్‌లో పోసి వర్క్‌షాప్‌లో ఇచ్చేయండి.

"మాది కడప. ఓబీడీ డాంగుల్ (బండి కంప్యూటర్‌ను ఫోన్‌కు కలిపే చిన్న పరికరం) కొన్నాను, 700 రూపాయలు. దాంతో వాడేదానికి మెకానిక్‌ల వాట్సాప్ గ్రూపులో ఫుల్ వర్షన్ ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా ఎక్కించే యాప్) పెట్టినారు, డబ్బులు కట్టే పని లేదంట. ఇన్‌స్టాల్ చేస్తే ఫోను 'హానికరం' అంటోంది, ఆ తనిఖీ ఆపెయ్యమని గ్రూపులో చెప్తున్నారు. తర్వాత కాంటాక్టులు, ఎస్ఎంఎస్‌లు, యాక్సెసిబిలిటీ అనుమతులు అడుగుతుందంట. ఇవ్వచ్చునా? డాంగుల్ ఎప్పుడూ బండికే పెట్టి ఉంచచ్చునా?"

వద్దు. రెండింటికీ అదే జవాబు.

కూలెంట్ వేడి చూపించే యాప్‌కు మీ ఎస్ఎంఎస్‌లతో ఏం పని? ఒకే పని ఉంది, బ్యాంకు ఓటీపీ చదవడం. యాక్సెసిబిలిటీ ఇస్తే మీ తెర మీద ఉన్నదంతా చదువుతుంది, మీ బదులు తానే బటన్లు నొక్కుతుంది. ట్రాఫిక్ చలాన్ అని, పెళ్లి పత్రిక అని వాట్సాప్‌లో తిరిగిన నకిలీ ఏపీకేలు చేసిందీ ఇదే. మన జిల్లాల్లో పికప్ ఓనరు ఫోన్‌లో మార్కెట్ డబ్బు, డీజిల్ డబ్బు, ఈఎంఐ అన్నీ ఒకే ఫోన్‌పే ఖాతాలో తిరుగుతుంటాయి. మూడు నాలుగు వందల రూపాయల యాప్ మిగిలిందని దాని మీద పందెం కాస్తారా?

ఒక్క అనుమతి విషయంలో మాత్రం యాప్‌ను అనుమానించక్కర్లేదు. ఆండ్రాయిడ్ 11, అంతకంటే పాత ఫోన్లలో బ్లూటూత్ పరికరాలు వెతకాలంటే లొకేషన్ అడగక తప్పదు. 12 నుంచి 'దగ్గరలోని పరికరాలు' అని వేరే అనుమతి వచ్చింది. ప్లే స్టోర్‌లో దొరికే ఉచిత యాప్ చాలు. వేడి, ఆర్‌పీఎం, కోడులు చూపిస్తే మీకు ఇంకేం కావాలి?

ఇప్పటికే ఎవరైనా ఆ ఏపీకే ఎక్కించి ఉంటే, ముందు డేటా, వైఫై రెండూ ఆపండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. ఆ తర్వాత ఫోన్‌ను పూర్తిగా రీసెట్ చేయండి. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేశాను, చాలదా అని అడగకండి, చాలదు.

ఇక డాంగుల్. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో ఒక పిన్నుకు తాళం తీసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. అంటే డాంగుల్ రాత్రంతా మేలుకునే ఉంటుంది. చవక బ్లూటూత్ రకాల పిన్ 1234, లేదా 0000. వైఫై రకాలైతే చాలావాటికి పాస్‌వర్డే ఉండదు. టీ తాగడానికి బండి ఆపితే పక్క బండిలో ఉన్నవాడు మీ డాంగుల్‌కు కనెక్ట్ కావచ్చు. ఈ సాకెట్ ఇంజన్, బ్రేకు కంప్యూటర్లు మాట్లాడుకునే తీగకు దారి. ఇంటి తలుపుకు గొళ్లెం పెట్టి కిటికీకి తాళంచెవి వేలాడదీయడం అంటే ఇదే.

ఊహించి భయపెడుతున్నానని అనుకోకండి. 2015లో అమెరికాలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి సాకెట్‌లో పెట్టిన సిమ్ డాంగుల్‌కు ఎస్ఎంఎస్‌లు పంపి కారు వైపర్లు తిప్పారు, నెమ్మదిగా పోతున్న బండి బ్రేకులు పనిచేయకుండా చేసి చూపించారు. 2022లో అక్కడి ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ ఒక చవక జీపీఎస్ ట్రాకర్ మీద హెచ్చరిక ఇచ్చింది. దాని సాఫ్ట్‌వేర్‌లోనే ఒక మాస్టర్ పాస్‌వర్డ్ రాసిపెట్టి ఉంది, అది తెలిసినవాడు దూరం నుంచే బండి ఇంధనం ఆపేయగలడు. ధర్మవరం బస్టాండులో ఎవరో ల్యాప్‌టాప్ పట్టుకుని మీ పికప్ కోసం కాచుకుని ఉన్నాడని నేననను. కానీ ఫైనాన్స్ వాళ్లు బిగించిందో, దొంగల భయంతో మీరే బిగించుకుందో, ఇంజన్ ఆపే రిలే (కరెంటు స్విచ్చు) ఉన్న ట్రాకర్ మన బండ్లలోనూ ఉంటోంది. అలాంటి చాలా చవక ట్రాకర్లు ఇప్పటికీ 123456 పాస్‌వర్డ్‌తోనే వస్తాయి. బిగించినవాణ్ని ఫోన్ చేసి అడగండి, పాస్‌వర్డ్ మార్చారా అని. అవతల కాసేపు మాట రాకపోతే మార్చలేదనే అర్థం, దగ్గరుండి మార్పించండి. డాంగుల్ మాత్రం చూడ్డం అయిపోగానే పీకి గ్లోవ్ బాక్స్‌లో పెట్టండి.

"కడప నుంచి రాయచోటికి సిమెంటు లోడుతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే బానెట్ లోంచి ఆవిరి. మీటరు ముల్లు మాత్రం కదల్లేదు, నడిమధ్యనే ఉంది. తర్వాత కిందికి కూడా పడింది. మీటరు మార్చాలా?"

మీటరు మార్చినా ముల్లు అక్కడే ఉంటుంది, ఎందుకంటే అది అబద్ధం చెప్పేలా తయారుచేసిందే. పాత బండ్లలో ముల్లు సెన్సర్‌ను ఉన్నదున్నట్టు చూపేది. వేడి కాస్త పెరిగితే కాస్త లేచేది. జనం ప్రతిదానికీ సర్వీస్ సెంటర్‌కు వచ్చి గోల చేస్తున్నారని ఇప్పటి చాలా బండ్లలో సాఫ్ట్‌వేర్ మధ్యలో దూరింది. ఇంచుమించు 80 నుంచి 105 దాకా ఎంత ఉన్నా ముల్లును నడిమధ్య నిలబెడుతుంది. అది లేచేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. కొన్ని బండ్లలో ముల్లు కూడా తీసేసి ఒక ఎర్ర బొమ్మ మాత్రం మిగిల్చారు. అదే డ్యాష్‌బోర్డులో పాటల ఆల్బమ్ బొమ్మలకు పది అంగుళాల తెర ఉంటుంది! పదేళ్లుగా వాహన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు చూస్తున్నాను, మెనూల రంగులు మారాయి గానీ కూలెంట్ వేడిని అంకెల్లో చూపిద్దామన్న ఆలోచన రాలేదు. ఆ అంకె కంప్యూటర్ దగ్గర ఉంది, చూపడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. లోడు బండి కొన్న మనిషికి అది తెలియకూడదని ఎవరు తీర్మానించారో!

ముల్లు కింద పడటానికి మాత్రం కారణం వేరు. కూలెంట్ కారిపోయి సెన్సర్ గాలిలో తేలితే అది ఇంజన్ వేడిని సరిగ్గా చెప్పలేదు, తక్కువ చూపిస్తుంది. ఆవిరి వస్తూ ముల్లు పడిపోవడం అన్నిటికంటే చెడ్డ సూచన. వెంటనే ఇంజన్ ఆపాల్సింది. ఆపారనే ఆశిస్తాను. ఇప్పుడు కూలెంట్ పోసి గాలి తీసేయండి. బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా నిలిపి, హీటర్ ఫుల్‌లో పెట్టి, బ్లీడ్ స్క్రూ ఉంటే దాంట్లోంచి బుడగలు ఆగేదాకా నింపాలి. ఆ తర్వాత కూడా బయట ఎక్కడా తడి లేకుండా కూలెంట్ తగ్గుతూ, తెల్ల పొగ వస్తుంటే ఈజీఆర్ కూలరో (ఇంజన్‌కు తిరిగి పంపే పొగను చల్లబరిచేది), హెడ్ గ్యాస్కెటో (ఇంజన్ హెడ్ కింది సీలు) లోపల లీకవుతోందేమో అనుమానించాలి. అది ఇంట్లో తేలే పని కాదు. మంచి హెడ్ పని తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకుపోండి. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం యాప్‌లో అంకె పెట్టుకుని పక్కన కూర్చున్నవాళ్లను చూడమనండి. 105 దాటితే ఏసీ ఆపి, గేరు తగ్గించి, యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేయండి. అప్పటికీ ఎక్కుతుంటే పక్కకు ఆపేయండి.

"కర్నూలు నుంచి. రేడియేటర్ మార్చినాక తాళం తీసినా ఫ్యాన్ తిరుగుతోంది. బ్యాటరీ దిగిపోదా?"

ఎండలో నడిచి వచ్చిన బండి ఆపాక కొన్ని నిమిషాలు తిరగడం మామూలే, అలా రాసిందే సాఫ్ట్‌వేర్. అందుకే బానెట్ కింద చెయ్యి పెట్టేముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయాలి. బండి పూర్తిగా చల్లబడ్డాక కూడా తిరుగుతూ ఉంటే ఫ్యాన్ రిలే అతుక్కుపోయి ఉండవచ్చు. ఫ్యూజు బాక్సులో అదే నంబరున్న హారన్ రిలే ఉంటే దాన్ని తీసి అక్కడ పెట్టి చూడండి. ఫ్యాన్ ఆగితే కొత్త రిలే కొనండి.