టోక్యో వెళ్తున్న మా పాపకు

చిరంజీవి పాపకు,

చిన్నమ్మ ఆశీస్సులు. నీ వీసా వచ్చిందని మీ అమ్మ చెప్పింది. ఆ రైళ్లలో జనాన్ని కుక్కే వీడియోలు చూసి నీకు టెన్షన్‌గా ఉందని కూడా చెప్పింది. నేను, మీ చిన్నాయన అక్కడ ఏళ్ల తరబడి కాపురం చేసి వచ్చినవాళ్లం కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

రద్దీ కొన్నాళ్లకు అలవాటైపోతుంది. నిన్ను కుంగదీసేది ఇంకొకటి ఉంది. అంత జనంలో నిన్ను పలకరించేవాళ్లు ఒక్కరూ ఉండరు. ఇక్కడ ధర్మవరం బస్సెక్కితే అనంతపురం దాటకముందే పక్కావిడ మీదే ఊరు, ఎవరమ్మాయివి, పెళ్లయిందా అని అన్నీ అడిగేస్తుంది. అక్కడ రైలుపెట్టె కిక్కిరిసి ఉన్నా మాట వినపడదు. ఫోన్లన్నీ సైలెంట్‌లో ఉంటాయి. రైల్లో ఫోన్ మాట్లాడితే తప్పుగా చూస్తారు. ఒక్కోసారి నీ పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోరు. అప్పుడు మనసు చివుక్కుమంటుంది, నన్ను చూసే దూరంగా ఉన్నారేమో అని. అలాంటివాళ్లు కొందరు ఉంటారు, లేరని నీకు అబద్ధం చెప్పను. కానీ ఎక్కువమందిది బెరుకు. నువ్వు ఇంగ్లీషులో ఏమన్నా అడిగితే జవాబు చెప్పలేమేమోనని. దారి తెలియక నిలబడి, మర్యాదగా అడిగి చూడు. ఆ మనిషే తన పని ఆపుకుని మలుపు దాకా నీ వెంట నడిచి వస్తాడు. కాబట్టి ఆ మౌనాన్ని నీ మీద చిన్నచూపుగా లెక్కేసుకుని గదిలో కూర్చుని ఏడవొద్దు. అలా కుంగిపోయి ఆరు నెలలు తిరక్కుండానే వచ్చేసిన పిల్లల్ని నేను చూశాను.

నీ ఆఫీసు షింజుకులో అన్నారు. ప్రపంచంలోకెల్లా రద్దీ స్టేషన్‌గా గిన్నిస్ రికార్డు ఎక్కింది అదే. 2018లో రోజుకు సగటున దాదాపు 36 లక్షల మంది ఆ స్టేషన్‌ను వాడారు. 2011 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి అనంతపురం జిల్లా మొత్తం కలిపితే 40 లక్షల పైచిలుకు. హిందూపురం నుంచి గుంతకల్లు దాకా ఉన్న జనంలో ముప్పాతిక మందికి పైగా ఒక్క రోజులో ఒక్క స్టేషన్‌లో తిరిగితే ఎట్లుంటుందో ఊహించుకో. దానికి రెండు వందలకు పైగా దారులు ఉన్నాయి. ఒక దారిలో రావాల్సింది ఇంకో దారిలో బయటపడితే చాలా దూరం చుట్టి రావాలి. అందుకే ఎవరినైనా కలవాలంటే షింజుకులో కలుద్దామని మాత్రం అనుకోవద్దు, ఏ ఎగ్జిట్ దగ్గరో పేరు చెప్పుకోండి. ఉద్యోగంలో చేరే ముందు ఒక ఆదివారం పొద్దున్నే ఇంటి నుంచి ఆఫీసు గుమ్మం దాకా ఒకసారి వెళ్లి చూసుకో. దారి తప్పితే నడుస్తున్న చోటే టక్కున ఆగొద్దు, వెనకవాళ్లు వచ్చి నీకు తగులుతారు. గోడ వారకో స్తంభం పక్కకో జరిగి అప్పుడు ఫోన్ తియ్. ఎస్కలేటర్ మీద టోక్యోలో ఎడమ పక్కన నిలబడతారు.

యమనోతే లైను అని ఆకుపచ్చ గీతల రైలు ఒకటుంది. ఊరి చుట్టూ తిరుగుతుంది, 30 స్టేషన్లు, చుట్టు పూర్తి కావడానికి సుమారు గంట. ఇటు ఎక్కాల్సింది అటు ఎక్కినా ఆలస్యమవుతుందే గానీ నీ స్టేషన్ వస్తుంది. మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం సీటు చూసుకుని ఒక చుట్టు తిరుగు. ఊరి మీద భయం సగం పోతుంది.

పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నిజంగానే ఊపిరాడదు. వీపు మీది బ్యాగు ముందుకు వేసుకో. చాలా లైన్లలో ఆ వేళప్పుడు ఆడవాళ్లకు వేరే పెట్టె ఉంటుంది, ప్లాట్‌ఫారం మీద గులాబీ రంగు గుర్తు చూసుకుని అదే ఎక్కు. ఆ ఇరుకును అడ్డం పెట్టుకుని చేతులు వేసే వెధవలు అక్కడా ఉన్నారు. అలాంటిది జరిగితే సిగ్గుపడి ఊరుకోకు. గట్టిగా కేక వెయ్, తర్వాతి స్టేషన్‌లో దిగి సిబ్బందికి చెప్పు.

స్టేషన్ల దగ్గర, వీధి మలుపుల్లో కోబన్ అని చిన్న పోలీసు గదులు ఉంటాయి. మన ఊళ్లో పోలీసు స్టేషన్ గడప తొక్కాలంటే జంకుతాం. అక్కడ ఆ జంకు పెట్టుకోకు. దారి అడగడానికి, పోయిన పర్సు సంగతి చెప్పడానికి అందరూ మామూలుగా వెళ్తారు. చాలా వీధులకు పేర్లు లేవు, బ్లాకు నంబరు, ఇంటి నంబరుతోనే చిరునామా. నీ చిరునామా జపాన్ లిపిలో కాగితం మీద రాయించి పర్సులో పెట్టుకో. ఫోన్ చార్జింగ్ అయిపోయిన రాత్రి ఆ కాగితమే ఇంటికి చేరుస్తుంది.

ఇల్లు దొరికిన 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి. ఎయిర్‌పోర్టులో ఇచ్చే రెసిడెన్స్ కార్డు ఎప్పుడూ వెంట ఉండాలి. వార్డు ఆఫీసులోనే చెత్త క్యాలెండర్ కూడా అడుగు. కాలే చెత్త ఏ రోజు, ప్లాస్టిక్ ఏ రోజు, సీసాలు ఏ రోజు అని దాంట్లో ఉంటుంది. పక్కింటివాళ్లు ఎంత పెద్ద మనసుతో ఉన్నా చెత్త విషయంలో మాత్రం ఊరుకోరు. రోడ్ల మీద చెత్తబుట్టలు చాలా తక్కువ, బ్యాగులో ఒక కవరు ఉంచుకో.

మిక్సీ మాత్రం మోసుకెళ్లొద్దు. అక్కడ కరెంటు 100 వోల్టులు, మన మిక్సీ సరిగా తిరగదు. పొడులు ఇక్కడే కొట్టించుకుని వెళ్లు. మీ అమ్మ నాటుకోడి పచ్చడి కట్టిస్తానంటే వద్దని గట్టిగా చెప్పు. మాంసంతో చేసినవి, పచ్చి కరివేపాకు, పండ్లు సరైన సర్టిఫికెట్ లేకుండా వాళ్లు లోపలికి రానివ్వరు. జలుబు మాత్రల్లోనూ కొన్ని అక్కడ నిషేధం, కొనేముందు మందు పేరు చూసుకో. శనివారం నీచు తినవు కదా, హోటల్లో కూరగాయల సూపు అన్నా చాలాసార్లు అడుగున ఎండుచేపల రసమే ఉంటుంది. శనివారాలు ఇంట్లో వండుకోవడమే మేలు. కందిపప్పు, చింతపండు నిషికసాయ్‌లో దొరుకుతాయి, మనవాళ్లు చాలామంది ఉండే చోటు అది. సరుకులకు వెళ్లు, పండగలకు వెళ్లు. ప్రతి ఆదివారం అక్కడే గడిపితే మాత్రం టోక్యో నీకు ఎప్పటికీ పరాయి ఊరుగానే ఉంటుంది.

భూకంపం సంగతి. మన అనంతపురంలో కరువు తెలుసు గానీ భూమి ఊగడం తెలియదు. భూకంపం వస్తోందంటే ఫోన్లన్నీ ఒక్కసారి కుయ్యిమని మోగుతాయి. బయటికి పరిగెత్తకుండా బల్ల కింద దూరి తల కాపాడుకో. ఆఫీసులో ఒక జత నడిచే బూట్లు ఉంచుకో. ఎందుకంటే 2011 మార్చి 11న పెద్ద భూకంపం వచ్చినప్పుడు టోక్యోలో రైళ్లన్నీ ఆగిపోయాయి, లక్షల మంది నడిచే ఇళ్లకు బయలుదేరారు. వాళ్లలో నేనూ ఉన్నాను. చీకట్లో రోడ్డు నిండా జనం. తోపులాట లేదు, అరుపులు లేవు. సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పడితే అందరూ ఆగేవాళ్లు. దారిలో కొందరు దుకాణదారులు తలుపులు తీసి బాత్‌రూం వాడుకోమన్నారు. నా కాలు బొబ్బలెక్కి కుంటుతుంటే ముక్కూ మొహం తెలియని ఒకావిడ ఏమీ అడక్కుండా తన సంచిలోంచి ప్లాస్టర్ తీసి ఇచ్చి, తల వంచి వెళ్లిపోయింది. వాళ్ల మౌనంలో పక్కవాళ్ల మీద ఎంత శ్రద్ధ ఉందో నాకు ఆ రాత్రి అర్థమైంది. నువ్వు అది తెలుసుకోవడానికి భూకంపం దాకా ఆగాల్సిన పని లేదు, అందుకే ఇంత రాస్తున్నాను. లిఫ్టులో ఎదురైన పక్కింటావిడకు రోజూ నువ్వే ముందు తల వంచి నమస్కారం పెట్టు. కొన్నాళ్లకు ఆవిడే వానొస్తుంది, గొడుగు తీసుకెళ్లమని చెబుతుంది.

అక్కడ మనకన్నా మూడున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే మీ అమ్మకు సాయంత్రం ఐదున్నర, పని లేని వేళ. మొదటి నెల రోజూ చెయ్. ఏడుపొస్తే నాకు చెయ్, అమ్మకు వద్దు. బెంగళూరు బయలుదేరే ముందు రోజు ఇంటికి రా, పెట్టె సర్దుదాం.

నీ చిన్నమ్మ,
అనంతపురం