బాపు పొలం తాకట్టు పెడతానంటున్నాడు.. నేను అమెరికా వెళ్లాలా?

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర ఒక పల్లె. 2024లో బీటెక్ పూర్తి చేశాను, ఉద్యోగం రాలేదు. మా చిన్నమ్మ కొడుకు డల్లాస్‌లో స్థిరపడ్డప్పటి నుంచి ఇంట్లో నా ఎంఎస్ మాటే. బాపు మాకున్న రెండెకరాలు తాకట్టు పెట్టి 40 లక్షలు తెస్తానంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే ఎస్ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో యూనివర్సిటీకి చెప్పే వ్యాసం) వాళ్లే రాస్తామన్నారు. ఏడాది ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెడతామన్నారు. ఖాతాలో డబ్బు తక్కువైతే ‘షో మనీ’, అంటే వీసా కోసం తాత్కాలికంగా వేసే వేరేవాళ్ల డబ్బు, చూపిస్తామన్నారు. ఈ వారంలో చెప్పకపోతే సీటు పోతుందట. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. నాకు భయంగా ఉంది. వద్దంటే బాపు మనసు విరుగుతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, నీకు భయం వేసిందంటే నీ బుద్ధి సరిగ్గా పనిచేస్తోందన్నమాట. నీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి. వెళ్లాలా వద్దా అన్నది ఒకటి. అబద్ధపు కాగితాలతో వెళ్లాలా అన్నది ఇంకొకటి. రెండోదానికి జవాబు ఇప్పుడే చెప్తాను: వద్దు. పూర్తిగా వద్దు.

నా దగ్గరికి ఒకబ్బాయి వచ్చాడు. అతనికీ ఇలాగే లెటర్ చేయించారు. ఇంటర్వ్యూలో వీసా అధికారి అడిగింది చాలా చిన్న ప్రశ్న: ‘ఆ కంపెనీలో మీ టీమ్‌లో ఎంతమంది ఉండేవారు?’ ఆ అబ్బాయి నోట మాట రాలేదు. నాకు చెప్తున్నప్పుడు కూడా అతని చేతులు వణికాయి. మామూలుగా వీసా రాకపోతే మళ్లీ ప్రయత్నించవచ్చు. తప్పుడు కాగితం పెట్టినట్టు తేలితే మాత్రం అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. అప్పుడు కన్సల్టెన్సీ వాళ్లెవరూ నీ పక్కన నిలబడరు. దరఖాస్తు మీద ఉండేది నీ పేరు, నీ సంతకం.

ఎస్ఓపీ నువ్వే రాసుకో. ఇంగ్లిష్ కాస్త తడబడినా ఫరవాలేదు. ఒకే మూసలో పోసినవి ఇరవై చూసినవాళ్లకు నీ సొంత మాట ఇట్టే తెలిసిపోతుంది.

ఇక డబ్బు సంగతి. బాపు పాసుబుక్ పట్టుకుని బ్యాంకుకు వెళ్తే ఏమవుతుందో ముందే తెలుసుకో. ఎడ్యుకేషన్ లోన్‌కు వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తనఖాగా తీసుకోవు. ఇల్లో, ప్లాటో అడుగుతాయి. అవి లేకపోతే బాపు వెళ్లేది ఊళ్లో వడ్డీకి ఇచ్చేవాళ్ల దగ్గరికే. నూటికి రెండు అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. 40 లక్షలకు అది నెలకు 80 వేలు! అదే బ్యాంకులో 11 శాతానికి దొరికినా, మొత్తం తీసుకున్నాక ఒక్క వడ్డీయే నెలకు 36 వేలు దాటుతుంది. చదువు అయ్యేదాకా బ్యాంకు వాయిదా అడగకపోవచ్చు, వడ్డీ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. ఈ సంగతి చాలామంది తండ్రులకు ఎవరూ చెప్పరు.

పార్ట్‌టైమ్ చేసి కట్టేయొచ్చని నీకు చెప్పే ఉంటారు. స్టూడెంట్ వీసా మీద తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల దాకా మాత్రమే పని చేయొచ్చు. దానితో తిండి ఖర్చు వెళ్లవచ్చు. అప్పు తీరదు. అనుమతి లేకుండా బయట పెట్రోల్ బంకుల్లో చేస్తే వీసా హోదాకే ముప్పు. ఇక యూనివర్సిటీయే నకిలీది కావచ్చు. 2011లో ట్రై వ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీల వ్యవహారాల్లో మన పిల్లలు ఎంత అవస్థ పడ్డారో ఇంట్లో పెద్దవాళ్లను అడుగు. కొందరు కాళ్లకు ట్యాగులతో తిరగాల్సి వచ్చింది. అందుకే సీటు ఇచ్చిన యూనివర్సిటీలో ప్రస్తుతం చదువుతున్న ఇద్దరితో మాట్లాడందే ఫీజు కట్టకు. క్లాసులు నిజంగా జరుగుతాయా, సీనియర్లకు ఉద్యోగాలు వచ్చాయా అని అడుగు. డల్లాస్‌లో ఉన్న మీ అన్నను కూడా అడుగు, కానీ వాట్సాప్ స్టేటస్‌లు చూసి కాదు. ‘అన్నా, నీ లోన్ ఎప్పుడు తీరింది? మొదటి ఉద్యోగానికి ఎన్ని నెలలు పట్టింది?’ అని సూటిగా అడుగు.

ఈ వారంలోనే చెప్పాలన్న టెన్షన్ పెట్టుకోకు. ఆ గడువు యూనివర్సిటీ పెట్టిందో లేదో దాని వెబ్‌సైట్‌లో నువ్వే చూసుకో. చాలా యూనివర్సిటీలు అడిగితే సీటును తర్వాతి సెమిస్టర్‌కు వాయిదా వేస్తాయి. కొన్ని యూనివర్సిటీలు ఏజెంట్లకు కమిషన్ ఇస్తాయి, అందుకే వాళ్లు అంత తొందరపెడతారు.

నీకు నిజంగా చదవాలని ఉంటే జర్మనీ వైపు కూడా చూడు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలకు ట్యూషన్ ఫీజు లేదు. ఏపీఎస్ సర్టిఫికెట్ (నీ చదువు కాగితాలు అసలువేనని తనిఖీ చేసి ఇచ్చేది) కావాలి. మొదటి ఏడాది ఖర్చుకు దాదాపు 12 వేల యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. అది నీ డబ్బే, నెలనెలా నీకే వస్తుంది. అయితే ఉద్యోగానికి భాష రావాలి, ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి. తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు 20 లక్షల దాకా సాయం ఉంది. ఆదాయ పరిమితి, మార్కుల నిబంధనలు నీకు సరిపోతాయేమో సంక్షేమ శాఖలో కనుక్కో. ఒక ఏడాది ఇక్కడే ఏదో ఒక ఉద్యోగం చేసి, నిజమైన ఎక్స్‌పీరియన్స్ లెటర్‌తో వెళ్లడం కూడా తక్కువేమీ కాదు.

బాపు మనసు విరుగుతుందన్నావు. ఆయన పొలం ఇస్తానన్నది నీ మీద నమ్మకంతో. ఆ నమ్మకానికి నువ్వు ఇవ్వాల్సింది పూర్తి లెక్క. ‘నేను వెళ్లను’ అని మొదలుపెట్టకు. నోట్‌బుక్‌లో ఫీజు, ఖర్చు, వడ్డీ, ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యమైతే ఎంత, ఒక ఏడాది ఆలస్యమైతే ఎంత అని నీ చేత్తో రాసుకుని, ఆదివారం పొద్దున అమ్మను కూడా పిలిచి ముగ్గురూ కూర్చోండి. ‘బాపూ, నాకు చదవాలని ఉంది. కానీ పొలం పోతే నేను అక్కడ చదవలేను’ అని ఉన్నదున్నట్టు చెప్పు. ఆయన కోప్పడితే కోప్పడనివ్వు. నోట్‌బుక్ అక్కడే వదిలి లేచి వచ్చెయ్. నువ్వు లేనప్పుడు తప్పకుండా తెరిచి చూస్తాడు.

దానికంటే ముందు రేపే హైదరాబాద్ వెళ్లి, ఆ కన్సల్టెన్సీ నుంచి నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు అన్నీ లెక్కపెట్టి వెనక్కి తెచ్చుకో. తోడుగా ఎవరినైనా తీసుకెళ్లు.