సున్నపురాయి మీద సరస్సులా?

ప్రశ్న: ఆస్ట్రియాలోని టౌప్లిట్జాల్మ్ పీఠభూమి అంతా సున్నపురాయే కదా. నీళ్లు ఇంకిపోకుండా అక్కడ ఆరు సరస్సులు ఎలా నిలిచాయి? అవి ఎవరైనా తవ్వించినవా?

జవాబు: ఎవరూ తవ్వలేదండీ, అవి సహజ సరస్సులే. మీ అనుమానం మాత్రం సరైనదే, ఎందుకంటే వాన నీటిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించి పగుళ్లను పెద్దవి చేస్తుంది, దాంతో పైన పడ్డ నీరు పడ్డట్టే లోపలికి దిగిపోతుంది. స్టైరియా రాష్ట్రంలో ఈ పీఠభూమిని ఆనుకుని ఉన్న టోటెస్ గెబిర్గే పర్వతాల మీద మైళ్ల కొద్దీ నడిచినా వాగు కనిపించని చోట్లున్నాయి. కానీ మంచుయుగంలో హిమానీనదాలు ఇక్కడ గుంతలు తొలిచి, రాళ్లను పిండిలా నూరి ఆ మెత్తటి బంకమట్టిని అడుగున వదిలేశాయి. వేళ్ల మధ్య నలిపితే జారిపోయే ఆ మట్టే గుంతకు అస్తరులా పనిచేసి నీటిని ఆపుతుంది. నాకైతే ఇదే అన్నిటికన్నా అద్భుతం.

ఇలాంటి సున్నపురాతి ప్రాంతాల్లో కొన్ని సరస్సులకు బయటికి పారే వాగే కనబడదు. ఒడ్డున రాళ్ల సందుల్లోంచి నీరు లోపలికి జారి, ఎక్కడో కింద లోయలో ఊటగా పైకొస్తుంది. అందుకే పైన సబ్బు నురగ వదిలినా, చెత్త పడేసినా అది కింద తాగేవాళ్ల దాకా పోతుంది, దయచేసి ఆ పని చేయకండి.

పీఠభూమి ఎత్తు సుమారు 1,600 మీటర్లు. ష్టైరర్‌జే, ష్వార్ట్‌జెన్‌జే సరస్సుల దాకా నడవాలనుకుంటే జూలై నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్లండి, అంతకుముందు దారిలో మంచు ఉండొచ్చు.