సంజ్ఞల వాక్యాన్ని తెలుగులో ఎలా రాయాలి?

సందేహం: ఫ్రెంచి సంజ్ఞాభాష మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో బధిరుల మాటలు ‘రేపు పారిస్ నువ్వు వెళ్ళు’ అన్న ధోరణిలో ఉన్నాయి. అలాగే ఉంచాలా? ‘రేపు పారిస్ వెళ్తున్నావా?’ అని మార్చవచ్చా? వ్యాకరణం తీసేసిన ఫ్రెంచిని చేతులతో చెప్పడమే కదా ఆ భాష?

సమాధానం: ‘రేపు పారిస్ వెళ్తున్నావా?’ అనే రాయండి. మూలంలో మీరు చూసింది పరిశోధకులు వాడే గుర్తుల వరస. ఒక్కో సంజ్ఞకు ఒక్కో ఫ్రెంచి మాటను పెద్దక్షరాల్లో రాసుకుంటారు. చేతులు చేసినదే అందులోకి ఎక్కుతుంది. ప్రశ్న అని తెలిపే కనుబొమ్మల ఎత్తు, చూపు జారిపోతాయి. ‘వెళ్తున్నావా’ చివరి దీర్ఘం మనకు చేసే పనిని అక్కడ కనుబొమ్మలు చేస్తాయి. ఆ దీర్ఘం చెరిపేసి తెలుగులో ప్రశ్నే లేదంటే ఒప్పుకుంటామా?

అది వ్యాకరణం తీసేసిన ఫ్రెంచి కాదు, దాని వ్యాకరణం దానికుంది. ‘ఇచ్చు’ క్రియను చూడండి. ఫ్రెంచిలో ‘జ తె దోన్’ (నేను నీకు ఇస్తాను) అన్నప్పుడు ఇచ్చేవారికొక సర్వనామం, పుచ్చుకునేవారికొక సర్వనామం కావాలి. మన ‘ఇస్తాను’లో ఇచ్చేది ఎవరో తెలుస్తుంది గాని, ‘నీకు’ అని విడిగా చెప్పాల్సిందే. సంజ్ఞలో చెయ్యి నా దగ్గర బయల్దేరి నీవైపు సాగితే ‘నేను నీకు’, ఎదురు తిరిగితే ‘నువ్వు నాకు’. ఇద్దరూ క్రియలోనే ఇమిడిపోయారు. గుర్తుల వరసలో మాత్రం ‘ఇచ్చు’ ఒక్కటే మిగులుతుంది.

శబ్దసంకేతం కాలంలో ఒకదాని తర్వాత ఒకటిగా, ఒకే గీతలా సాగుతుందన్నాడు భాషాశాస్త్రవేత్త సొస్సూర్. నోటి ఫ్రెంచికి అది చక్కగా కుదురుతుంది. సంజ్ఞాభాషలో ‘పిల్లి బల్లమీద ఉంది’ అనాలంటే ముందు బల్ల వస్తుంది. ఒక చెయ్యి బల్లగా నిలిచి ఉండగానే రెండోది పిల్లిగా దానిపైన వాలుతుంది. ‘మీద’కు వేరే సంజ్ఞ అక్కర్లేదు.

ఫ్రెంచిని మాటకు మాటగా చేతుల్లోకి దించే ప్రయత్నమూ జరిగింది. 18వ శతాబ్దిలో పారిస్‌లో బధిరుల బడి నడిపిన అబే ద లెపే ఫ్రెంచి లింగానికీ కాలానికీ ఆర్టికల్‌కూ సంజ్ఞలు కల్పించాడు. శిష్యులు వాటిని చూసి ఫ్రెంచి రాయగలిగారు. తమలో తాము మాట్లాడుకోవడానికి మాత్రం తమ సంజ్ఞలనే వాడుకున్నారు. సంజ్ఞకు పట్టే సమయం నోటిమాటకు పట్టేదానికి దాదాపు రెట్టింపు. ప్రతి ప్రత్యయానికీ ఒకటి చేర్చుకుంటూ పోతే వాక్యం సాగదు.

మీ వ్యాసం వ్యాకరణం గురించే అయితే గుర్తుల వరసను తీసేయకండి. పై పంక్తిలో కనుబొమ్మలు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా లేచి ఉన్నాయో గీత గీసి చూపండి, మధ్యలో గుర్తులు, కింద నిండు తెలుగు వాక్యం. సంభాషణ అయితే కింది పంక్తి ఒక్కటే చాలు.