జ్వరమే తెచ్చిందా అని అడిగిన అమ్మాయికి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి సౌభాగ్యవతి అయిన నా చెల్లెలి కూతురికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఎగ్మోరు పిల్లల ఆసుపత్రి వరండాలో నీవు నా చెయ్యి పట్టుకుని అడిగిన మాట ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలలేదు. బడిలో పిల్లలందరికీ చేతుల మీదా కాళ్ల మీదా నోట్లోనూ పొక్కులు వచ్చిన ఆ వారం పాపను ఇంట్లోనే ఉంచుకుని ఉంటే ఈ టైప్ వన్ షుగరు వచ్చేది కాదా అని అడిగావు. మీ అన్నయ్యకు 1997 కార్తీక మాసంలో, ఏడో ఏట, ఈ జబ్బు బయటపడినప్పుడు నేనూ ఇదే ప్రశ్నతో ఎన్నో రాత్రులు గడిపాను. వానలో తడవనిచ్చాననీ, ఆ జలుబే ఇన్సులిన్ తయారుచేసే పిల్లవాడి క్లోమాన్ని తినేసిందనీ కుమిలిపోయాను. ఆ తరువాత డాక్టర్లను అడిగీ, దొరికినదల్లా చదివీ తెలుసుకున్నది నీకు చెబుతాను.

వైరస్ మీద అనుమానం కొత్తది కాదు. గవదబిళ్లలు వచ్చి తగ్గాక ఒకరికి మధుమేహం కనబడిందని నార్వే డాక్టరు ఒకాయన 1864లోనే రాశాడు. 1979లో అమెరికాలో పదేళ్ల పిల్లవాడొకడు ఫ్లూ లాంటి జ్వరం వచ్చిన కొద్ది రోజులకే షుగరు విపరీతంగా పెరిగి చనిపోతే, అతని క్లోమం నుంచి కాక్సాకీ బి4 అనే వైరస్‌ను వేరుచేశారు; దానిని ఎలుకలకు ఎక్కిస్తే వాటిలో కొన్నింటికి షుగరు వచ్చింది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద ఈ జాతి వైరస్ పట్టుకోవడానికి వీలైన గ్రాహకం ఉంటుందని కూడా తరువాత తేలింది. కాబట్టి అనుమానానికి ఆధారం ఉంది.

అయితే నీ ప్రశ్నకు అసలైన జవాబు టెడ్డీ అనే పెద్ద అధ్యయనంలో ఉంది. అమెరికా, ఫిన్లాండ్, జర్మనీ, స్వీడన్ దేశాలలో జన్యుపరంగా ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న వేలాది పసిపిల్లలను పుట్టినప్పటి నుంచి గమనిస్తూ, తల్లులు నెలనెలా పంపిన మలం నమూనాలలో వైరస్‌ల కోసం వెదికారు. 2019లో వెలువడిన ఫలితం ఏమంటే, వచ్చి పోయే విడివిడి అంటువ్యాధులకూ ఈ జబ్బు మొదలవడానికీ సంబంధం కనబడలేదు. ఒకే బి రకం ఎంటెరోవైరస్ (పైన చెప్పిన కాక్సాకీ బి4 ఈ రకానిదే) ఒంట్లో చాలాకాలం తిష్ఠ వేసిన పిల్లలలో మాత్రం బీటా కణాల మీద తిరగబడే యాంటీబాడీలు ఎక్కువగా పుట్టాయి. ఆ యాంటీబాడీలు కూడా చాలామందిలో మొదటి రెండు మూడేళ్ల వయసులోనే కనబడతాయి. అంటే ఆరేళ్ల మన పాప లోపల ఈ పోరు బహుశా ఏళ్ల క్రితమే మొదలై, మిగిలిన కొద్ది కణాలతో నెట్టుకొస్తూ ఉండి ఉంటుంది. జ్వరం వచ్చినప్పుడు ఎవరికైనా ఒంటికి ఎక్కువ ఇన్సులిన్ కావాలి. అది సరిపడక అప్పుడు బయటపడింది. పైగా ఆ పొక్కుల జబ్బును సాధారణంగా తెచ్చేవి ఎ రకం ఎంటెరోవైరస్‌లు, అనుమానం ఉన్న బి రకం కాదు. ఆ వారం నీవు బడి మాన్పించినా ఈ కథ ఆగేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. కవల పిల్లలలో, అచ్చం ఒకే జన్యువులతో పుట్టినవారిలో సైతం, ఒకరికి వస్తే రెండోవారికి రావడం ప్రతిసారీ జరగదంటే, ఇందులో ఎన్ని కారణాలు కలవాలో ఆలోచించు.

చిన్నవాడి టీకాల సంగతి. టీకాల వల్ల షుగరు వస్తుందని మీ అపార్టుమెంటులో ఎవరో అన్నారని విని నాకు చాలా బాధ కలిగింది. పెద్ద పెద్ద అధ్యయనాలు జరిగినా అలాంటి సంబంధం ఏదీ కనబడలేదు. తల్లి కడుపులో ఉండగా రుబెల్లా సోకిన పిల్లలకు తరువాత మధుమేహం ఎక్కువగా వచ్చిన మాట నిజం, ఆ రుబెల్లాను ఆపేది టీకాయే. ఆస్ట్రేలియాలో రోటావైరస్ చుక్కలు అందరికీ వేయడం మొదలైన తరువాత నాలుగేళ్లలోపు పిల్లలలో ఈ జబ్బు సుమారు 14 శాతం తగ్గింది; కొన్ని ఇతర దేశాలలో అలా తగ్గలేదు. తగ్గినా తగ్గకపోయినా విరేచనాల నుంచి కాపాడతాయి కనుక ఏ టీకానూ వాయిదా వేయవద్దు.

ఇక నీవు నిజంగా భయపడవలసినది రాబోయే జ్వరాల విషయంలో. పాప అన్నం తినడం లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా ఆపడం ప్రాణాల మీదికి తెస్తుంది. మీ అన్నయ్య విషయంలో నేను చేసిన తప్పు అదే. వాంతులవుతున్నాయని రాత్రి సూది మానేశాను. తెల్లవారుజామున వాడు ఆయాసపడుతూ, నోటి నుంచి పండిన పండు వాసనతో మగతగా పడి ఉంటే, దగ్గరలోని ఒక క్లినిక్‌లో అజీర్తి అని చెప్పి పంపేశారు. మధ్యాహ్నానికి ఐసీయూలో చేర్చాము. అందుచేత జ్వరం వచ్చిన రోజున రాత్రిపూట కూడా రెండు నుంచి నాలుగు గంటలకొకసారి షుగరు చూడు. షుగరు ఎక్కువైనా, వాంతి అయినా కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూడు. షుగరు ఎక్కువగా ఉంటే నీళ్లు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తరచుగా తాగించు. తగ్గుతుంటే చక్కెర నీళ్లు చెంచాతో పట్టు. మోతాదు ఎంత పెంచాలో తగ్గించాలో డాక్టరు చెప్పినట్టే చెయ్యి, కానీ వాంతులు ఆగకపోయినా, శ్వాస లోతుగా వేగంగా మారినా, పిల్ల మగతగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకు. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే, "ఈ పిల్లకు టైప్ వన్ షుగరు ఉంది, కీటోన్లు చూడండి" అని మొదటి మాటగా చెప్పు.

జ్వరం రోజులకు పాటించవలసిన పద్ధతిని ఈసారి వెళ్లినప్పుడు డాక్టరుగారి చేత కాగితం మీద రాయించుకుని రా. ఆదివారం నేను వేళచ్చేరి వస్తాను. నీవు ఆఫీసుకు వెళ్లినప్పుడు పిల్లను చూసుకునేది మీ అత్తగారు కాబట్టి, ఆమె కళ్లద్దాలు లేకుండా కూడా చదవగలిగేలా పెద్ద అక్షరాలలో తెలుగులో రాసి, ఫ్రిజ్ తలుపుకు అంటించి వెళతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ