ఇంటికెళ్తే ఇంటిల్లిపాదితో మాట్లాడమ్మా

అమ్మాయ్, ఆరోగ్య కార్యకర్త ట్రైనింగ్ అయిపోయిందట, ఇంక పేషెంట్ల ఇళ్ళకి వెళ్ళడమేనట, చాలా సంతోషం. ట్రైనింగ్‌లో చెప్పినవి నీకు వచ్చే ఉంటాయి, గడప దాటి లోపలికెళ్ళాక సంగతులే నేను చెప్తా.

పేషెంట్ ఒక్కరితో మాట్లాడేసి వచ్చేయకు. బీపీ ఉన్నది పెద్దాయనకి, వంటలో ఉప్పు వేసేది ఇంకొకరు, మందులకి డబ్బులు తీసేది మరొకరు, మాత్ర వేసుకున్నావా అని గుర్తుచేయగలిగేది పక్క గదిలో ఫోన్ చూసుకుంటున్న మనవరాలు. వీళ్ళంతా లేకుండా ఆయనకొక్కడికే ఎంత చెప్పినా పని జరగదు, అందుకే అందరూ ఏ టైముకి ఇంట్లో ఉంటారో ముందే కనుక్కుని అప్పుడే వెళ్ళు.

వెళ్ళగానే పాఠం మొదలుపెట్టకు, ఇప్పుడు ఏం చేస్తున్నారండీ అని అడిగి విను. వాళ్ళు చేసేదాంట్లో మంచిది ఏదో ఒకటి ఉంటుంది, అది మెచ్చుకుని తర్వాత మార్చాల్సింది చెప్పు, అదీ ఒకటో రెండో, అంతకుమించి ఎవరికీ గుర్తుండవు. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు అంటే ఎవరికి తెలుస్తుంది చెప్పు, ఒక టీస్పూన్ తెమ్మని అందులో వాళ్ళ చేతే ఉప్పు పోయించి, మనిషికి రోజు మొత్తానికి ఇంతకన్నా కొంచెం తక్కువే, ప్యాకెట్ చిరుతిళ్ళలో ఉన్నది కూడా ఇందులోకే వస్తుంది అని చూపించు, వంట చేసేవాళ్ళు లెక్క వాళ్ళే వేసుకుంటారు. ఆయనకి మాత్రం వేరే చప్పిడి వంట చేయమనకు, నాలుగు రోజులకే మానేస్తారు, ఇంట్లో అందరికీ తగ్గించమను.

పసిపిల్లలకి విరేచనాలైతే ఓఆర్ఎస్, అదే ఒంట్లో నీరు తగ్గకుండా నీళ్ళలో కలిపి తాగించే పొడి, వాళ్ళ చేతే కలిపించు. నువ్వు కలిపి చూపిస్తే తలూపుతారు అంతే, రాత్రి నువ్వు లేనప్పుడు సగం ప్యాకెట్ గ్లాసుడు నీళ్ళలో పోసేస్తారు, అది చిక్కగా అయి పిల్లకి ఇంకా ప్రమాదం. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం లీటరు నీళ్ళలోనే, 24 గంటలు దాటితే పారబోయాలి, వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి స్పూనుతో మెల్లగా, తల్లిపాలు ఆపకూడదు. జింక్ మాత్రలు ఇస్తే విరేచనాలు తగ్గినా రాసిచ్చినన్ని రోజులూ వేయాలి, మామూలుగా 10 నుంచి 14 రోజులు. తాగలేకపోతున్నా, మగతగా పడున్నా, మలంలో రక్తం కనిపించినా, కళ్ళు లోపలికి పోయినా వెంటనే ఆసుపత్రికే.

మేమంతా ఇలాగే పెంచాం అని పెద్దావిడ అంటే వాదించకు, స్పూనుతో తాగించే పని ఆవిడకే అప్పజెప్పు, తర్వాత నీకన్నా గట్టిగా ఆవిడే చెప్తుంది అందరికీ.

అర్థమైందా అని మాత్రం అడగకు, అందరూ అయిందనే అంటారు. నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, రాత్రి పిల్లకి ఇలా అయితే ఏం చేస్తారో మీ మాటల్లో చెప్పండి అను.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. ఇంటందరితో మాట్లాడమన్నా కదా అని టీబీ, హెచ్ఐవీ, గర్భం సంగతులు ఆ మనిషిని అడక్కుండా అందరి ముందు ఎత్తకు, ముందు ఒంటరిగా అడుగు. అందరి మధ్యా నోరు విప్పని కోడలు ఉంటే ఆమెతో విడిగా కాసేపు కూర్చో. తెలీని ప్రశ్న వస్తే నర్సుని అడిగి చెప్తానని చెప్పి, తప్పకుండా మళ్ళీ వెళ్ళి చెప్పు. మళ్ళీ వెళ్ళినప్పుడు చెప్పింది చేయలేదని తెలిస్తే కోప్పడకు, ఏది కుదరలేదో అడుగు, డబ్బులు లేవా, టైము లేదా, ఇంట్లో ఎవరైనా వద్దన్నారా, దాన్ని బట్టి ఈసారి ఇంకా చిన్న పని చెప్పు.